రెండు రంగుల మందారం: జూన్ నుంచి జనవరి దాకా

కిందటేడు జూన్ 8న మా ఊరి ఇంటికి బేరం కుదిరింది. కొన్నాయన నెమ్మదస్తుడు. "దసరా వెళ్లాకే పని మొదలెడతామండి, ఈలోగా మీకు కావలసినవి పట్టుకెళ్లండి" అన్నాడు. అన్నయ్య ద్వారబంధాలు లెక్కేసుకున్నాడు. వదిన ఇత్తడి గంగాళం చూసుకుంది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక అమలాపురంలో నా దగ్గరే ఉంటున్న అమ్మ మాత్రం ఒకటే అడిగింది.

"నూతి పక్క మందారం తెచ్చెయ్యవే."

గిన్నో తపేలానో అయితే తెచ్చేదాన్ని. అది నా కన్నా ఎత్తు చెట్టు. 2001లో నాన్న నర్సరీలుండే కడియపులంకలో కొని, స్కూటర్ మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని కొత్తపేట దాటి మా ఊరు తెచ్చారు. నారింజ రంగు ముద్ద పువ్వు, మధ్యలో కుంకుమ అద్దినట్టు ఎర్ర మచ్చ. కొన్నేళ్లకి పక్కనున్న మునగ కొమ్మ విరిగి దానిమీద పడి సగం చీరేసింది. ఆ తర్వాత అదే చెట్టుకి ఒకవైపు నారింజ పువ్వులు, ఇంకోవైపు ఎర్రటి రెక్క మందారాలు పూయడం మొదలెట్టాయి. ఒకే చెట్టుకి రెండు రంగులని అమ్మ వచ్చినవాళ్లందరినీ నూతి దగ్గరికి తీసుకెళ్లి చూపించేది. అమ్మవారి మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. మేమూ కాదనలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చెట్టు తేలేం కాబట్టి కొమ్మలు తెచ్చి నాటుదామనుకున్నాను. అమ్మ నవ్వింది. "మందారం కొమ్మ గుచ్చితే బతకడానికి ఇంత హడావిడా? కంచెకి గుచ్చేవాళ్లం, చిగురేసేది." నేను వినలేదు. వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూశాను. వేరు పట్టించే హార్మోన్ పొడి 110 రూపాయలు, కొబ్బరి పొట్టు ఇటుక 90, డిస్పోజబుల్ గ్లాసులు 40. ఇసక మాత్రం ఊరికే దొరికింది, ఎదురింటివాళ్లు స్లాబ్ వేస్తున్నారు.

జూన్ 22, ఆదివారం, ఆరుద్ర కార్తె మొదటి రోజు. పొద్దున్నే ఊరెళ్లాను. దొడ్డి చూసే సత్తెయ్య కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఆరుద్రలో ఎండు కట్టె గుచ్చినా లేస్తదండి అమ్మాయిగారూ" అన్నాడు. మరీ లేతవి కాకుండా, ముదిరి చేవ తేలినవి కాకుండా, పెన్సిల్ లావు కొమ్మలు ఏరాం. జానెడు కన్నా కాస్త చిన్న ముక్కలు, కింద కణుపుకి ఆనుకుని ఏటవాలుగా కోత. మొత్తం 24. పై నుంచి పన్నెండు, కింద చేతికందేవి పన్నెండు. ఏది ఎటువైపుదో రాసుకోలేదు. చెట్టు ఒకటే కదా, ఏ కొమ్మ నాటినా రెండు రంగులూ పూస్తాయనుకున్నాను. బడిలో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని నేను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

తడిగుడ్డలో చుట్టి, అరిటాకులో కట్టి మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చాను. కింది ఆకులన్నీ తీసేసి, పైన రెండు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించాను. వేరు లేని కొమ్మకి ఆకులెక్కువుంటే అవి లాగే నీళ్లు అందించేవాళ్లుండరు. పొడి అద్ది, దులిపి, ఇరవై ముక్కలు గ్లాసుల్లో గుచ్చాను. నాలుగు మాత్రం నీళ్ల సీసాలో పెట్టాను, ఒక వీడియోలో విదేశాల ఆవిడ అలా పెడితే పది రోజుల్లో వేళ్లు వచ్చేశాయి. ఆ నాలుగూ మూడో వారానికి అడుగున నల్లబడి కంపు కొట్టాయి. నీళ్లలో మునిగిన బెరడు మీద తెల్ల తెల్ల చుక్కలు లేస్తే వేళ్లనుకుని అమ్మని పిలిచి మరీ చూపించాను. అవి వేళ్లు కావు, బెరడుకి ఊపిరాడే రంధ్రాలు ఉబ్బాయంతే. వీడియోలో ఆవిడ చూపించింది మన మందారం కాదని తర్వాత తెలిసింది. అది అమెరికాలో చిత్తడి నేలల్లో పెరిగే జాతి. పళ్లెమంత పువ్వు పూస్తుంది, చలికాలం పైనంతా చచ్చిపోయి వేసవికి మళ్లీ మొదట్లోంచి లేస్తుంది. నీళ్లలో పుట్టిన మొక్కకి నీళ్లలో వేళ్లు రావడంలో వింతేముంది?

తొమ్మిదో రోజు, జూలై 1. పదకొండు గ్లాసుల్లో చిగుళ్లు. బియ్యపు గింజంత, ఆకుపచ్చగా, తళతళా. స్టాఫ్ రూమ్‌లో అందరికీ ఫొటోలు చూపించాను. మా హెడ్మాస్టరుగారు తనకో మొక్క బుక్ చేసుకున్నారు కూడా. పొద్దున లేవగానే మేడ మీదికి, బడి నుంచి రాగానే మేడ మీదికి. రెండు పూటలా నీళ్లు.

జూలై 14కి ఆ చిగుళ్లలో సగం తలలు వాల్చేశాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకాస్త పోశాను.

జూలై 20న ఓపిక నశించి ఒకదాన్ని పైకి లాగాను. వెన్నలోంచి పుల్ల తీసినట్టు వచ్చేసింది. కింద వేరు లేదు, వేరు జాడా లేదు. బెరడు వేళ్లతో నలిపితే మెత్తగా జారి, గోధుమరంగు నీరు కారింది. మరి ఆ చిగురు ఎక్కణ్నుంచి వచ్చినట్టు? కొమ్మలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి వేసింది. అది అయిపోయేలోగా కింద వేరు పడితే సరే, లేకపోతే ఇంతే. చిగురు చూసి సంబరపడకండి అని ఏ వీడియోలోనూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదేమో.

ఆ రోజు పదిహేను రోజుల్లో మొదటిసారి తిన్నగా కూర్చుని ఆలోచించాను. రెండు తప్పులు కనపడ్డాయి. ఒకటి నీళ్లు. గ్లాసు అడుగున కన్నాలు పెట్టాను గానీ కొబ్బరి పొట్టు నీటిని వదలదు, పైన ఆరినట్టుండి లోపల బురదగా ఉంది. రెండోది ఉప్పు. మా వీధి బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది, పప్పు ఉడకదు. పైగా కొబ్బరి పొట్టులో తనదంటూ ఉప్పుంటుంది, రెండు మూడు సార్లు కడిగి పిండి వాడాలి. నేను ఇటుక నానబెట్టి అలాగే నింపేశాను. కొబ్బరిచెట్ల మధ్య పుట్టిపెరిగి కొబ్బరి పొట్టు కడగాలని తెలియకపోవడం ఏంటో.

బతికున్న వాటిని కదపకుండా వదిలేశాను. వానపడ్డప్పుడు చూరు కింద బకెట్లు పెట్టి ఆ నీళ్లే వాడాను. మూడు రోజులకోసారి, అదీ గ్లాసు చేత్తో ఎత్తి తేలిగ్గా అనిపిస్తేనే. గ్లాసుల మీద పెద్ద పాలిథిన్ కవరు టెంటులా కప్పి, రోజూ సాయంత్రం పది నిమిషాలు తీసేదాన్ని. మొత్తం ఇరవై నాలుగులో ఆగస్టు 3కి ఆరు మిగిలాయి. ఆరు వారాలు. గ్లాసు ఎత్తి వెలుతురుకి పెడితే లోపలి గోడకి అంటుకుని దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్లు, ఈసారి నిజంగా వేళ్లే. అమ్మకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆరా? నేను గుచ్చితే ఇరవై నాలుగూ లేచేవి" అంది. ఆ రాత్రి మాత్రం అన్నయ్యకి తనే ఫోన్ చేసి చెప్పింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. అవ్వలేదు.

ఆగస్టు 24న కుండీలు, ఎర్రమట్టి కొనుక్కుందామని కడియపులంక వెళ్లాను. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది కదా, ఆధార్ కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుని, రావులపాలెం దాకా నిలబడే వెళ్లాను. జొన్నాడ వంతెన మీద గౌతమి ఎర్రగా, నిండుగా ఉంది. ఒక గ్లాసు మొక్క కూడా సంచిలో పెట్టుకున్నాను, ఏ మట్టి సరిపోతుందో చూపించి అడగొచ్చని. నిజం చెప్పాలంటే, ఎవరైనా శభాష్ అంటారని.

ఒక నర్సరీలో అంట్లు కడుతున్న పెద్దాయన దాన్ని తీసుకుని ఆకు తిప్పి చూశాడు.

"రెక్క మందారం అండి ఇది. బాగా పట్టింది."

"కాదండి, నారింజ ముద్దది. రెండు రంగులు పూస్తుంది."

ఆయన నవ్వలేదు, అదే నయం. "రెండు రంగులేంటండి మేడంగారూ? చెట్టు ఎప్పుడైనా దెబ్బ తిందా?" అని అడిగాడు. మునగ కొమ్మ సంగతి చెప్పాను. "ఆయ్, అదీ సంగతి. ఆ రంగుల మందారాలు సొంత వేళ్ల మీద సరిగ్గా నిలబడవండి. మొండిగా బతుకుద్దని రెక్క మందారం మీద అంటు కట్టి అమ్ముతారు. పైది దెబ్బతింటే అంటు కింద నుంచి పిలకలు లేస్తాయి. ఎర్ర పువ్వులు ఆ కిందిదానివండి. మీరు నాటింది దాన్నే."

పక్కనే ఉన్న నారింజ మందారం ఆకొకటి తుంపి నా చేతిలో పెట్టాడు. అది వెడల్పుగా, దళసరిగా, కాస్త ముడతగా ఉంది. నా మొక్క ఆకు సన్నగా, నున్నగా, అంచు రంపంలా ఉంది. పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఆరూ అంతేనా అనడిగితే, "సులువుగా పట్టినవన్నీ అవేనండి" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఆరూ అంతే. కుళ్లిపోయినవాటిలో నారింజవన్నీ పోయాయి. అంటే ఇన్నేళ్లుగా మేం ఊళ్లో అందరికీ చూపించిన అమ్మవారి మహిమ, అంటు కిందనుంచి లేచిన పిలక. అమ్మకి ఆ సాయంత్రం చెప్పలేదు. మర్నాడు చెప్పాను. "అయితే నాన్నగారు తెచ్చింది ఎక్కడుంది?" అంది. నూతి పక్కనే ఉంది, దసరా దాకా.

దానికీ ఆ పెద్దాయనే దారి చెప్పాడు. "కోసి నాటొద్దండి. చెట్టు మీద ఉండగానే వేరు పట్టించండి, గాలి అంటు. తల్లి నీళ్లిస్తా ఉంటది, ఆకు వాడదు." నాచు పొట్లం 60 రూపాయలు. మందారం కొమ్మ మీదే ఒకసారి చేసి చూపించాడు, డబ్బులు తీసుకోలేదు. కుండీలు మాత్రం ఆయన దగ్గరే కొన్నాను, ఆరు 420.

ఆగస్టు 27, వినాయక చవితి. పొద్దున్న పూజ కాగానే ఊరికి ఆటో, 600 రూపాయలు. పండగని బేరమాడనివ్వలేదు. ఈసారి ఆకు చూసి మరీ నారింజ వైపు అయిదు కొమ్మలు ఎంచుకున్నాను, చిటికెన వేలు లావువి. బ్లేడుతో కొమ్మ చుట్టూ రెండు గాట్లు, మధ్యలో అంగుళం ఎడం. ఆ అంగుళం బెరడు నిలువునా చీల్చి లాగితే ఉంగరంలా ఊడొచ్చింది. లోపల కట్టె తెల్లగా, జిగురుజిగురుగా ఉంది. ఆ జిగురు బ్లేడు వెనకతో పూర్తిగా గీకెయ్యాలి, లేకపోతే బెరడు మళ్లీ అతుక్కుపోతుంది. పై గాటు అంచుకి పొడి రాసి, నానబెట్టి పిండిన నాచు గుప్పెడు చుట్టి, పాలిథిన్‌తో కప్పి రెండు చివర్లా పురికొస బిగించాను. నాచు పిడికిట్లో పిండితే రెండు చుక్కలే రాలాలి. నీళ్లు లోపలి కట్టెలోంచి పైకి పోతూనే ఉంటాయి, ఆకులు చేసే ఆహారం బెరడులోంచి కిందికి దిగుతూ ఈ ఉంగరం దగ్గర ఆగిపోతుంది. అక్కడ పేరుకుని వేళ్లవుతుంది. పిల్లలకి ఏటా చెప్పే పాఠమే. నా చేతి కింద జరుగుతుంటే మాత్రం కొత్తగా ఉంది.

అయిదు కొమ్మలకీ ఎర్ర దారం కట్టాను. సత్తెయ్య చూసి, "చెట్టుకి తాయెత్తులు కట్టారేంటండి?" అన్నాడు.

లెక్క వేసుకుంటే టెన్షన్ మొదలైంది. పెద్దాయన అయిదు నుంచి ఎనిమిది వారాలన్నాడు. దసరా అక్టోబరు 2. ముప్పై ఆరు రోజులు. మధ్యలో మూడు సార్లు ఊరెళ్లాను. సెప్టెంబరు 14న ఏమీ లేదు, బెరడు పై అంచు మాత్రం పెదవిలా ఉబ్బింది. సెప్టెంబరు 21న ఒక పొట్లంలో చీమలు గుడ్లు పెట్టి ఉన్నాయి. విప్పి దులిపి మళ్లీ కట్టాను గానీ ఆ కొమ్మ తేరుకోలేదు. సెప్టెంబరు 28న ఒకదాని పాలిథిన్ లోపల తెల్లగా మెరిసింది. ఒకటే ఒక వేరు, అగ్గిపుల్లంత.

దసరా రోజు కొన్నాయనకి ఫోన్ చేశాను. ఒక మందారం చెట్టు కోసం ఇంకో వారం అడగడం ఎలా అని రెండు సార్లు నంబరు నొక్కి కట్ చేశాను. మూడోసారి అడిగేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "జేసీబీ సోమవారానికి చెప్పామండి" అన్నాడు. అంటే ఆదివారం, అక్టోబరు 5. మూడు రోజులే ఎక్కువ దొరికాయి.

ముప్పై తొమ్మిదో రోజు. అయిదింటిలో ఒకటి చీమలు తిన్నది, ఒకటి ఎండిపోయింది, దానికి నేనే కట్టెలోకి లోతుగా గాటు పెట్టానని గాటు చూస్తే తెలిసింది. మిగతా మూడింట్లో వేళ్లున్నాయి. ఒకదానికి గుత్తిగా, రెండింటికి పలచగా. పొట్లం కిందుగా రంపంతో కోస్తుంటే సత్తెయ్య కొమ్మ పట్టుకున్నాడు. మూడూ చేతికొచ్చాక చెట్టు వైపు చూశాను. ఆ పూట నాలుగు నారింజ పువ్వులున్నాయి. కోసి సంచిలో వేసుకున్నాను, సాయంత్రానికి ముడుచుకుపోతాయని తెలిసీ. జేసీబీ వచ్చినప్పుడు నేను వెళ్లలేదు.

పాలిథిన్ విప్పి, నాచు విదపకుండా అలాగే కుండీలో పెట్టాను. ఎర్రమట్టి, ఇసక, బాగా మాగిన గెత్తం. ఆకులు సగం తీసేశాను. వేళ్లు పలచగా ఉన్న రెండింటికీ మళ్లీ కవరు టెంటు. మొదటి వారం ఆకులు రాలుతూనే ఉన్నాయి, నేను గ్లాసుల రోజుల్లోలాగ నీళ్ల చెంబు పట్టుకుని పరిగెత్తలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూసేదాన్ని.

సరిగ్గా పుంజుకుంటున్నాయనగా తుఫాను. అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మధ్యాహ్నమే కుండీలన్నీ హాల్లోకి దించాం, తొమ్మిదీ. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో అమ్మ మంచం మీద, మంచం చుట్టూ మందారాలు. బయట రేకులెగిరిపోతున్న చప్పుడు. కొబ్బరిచెట్టు ఎక్కడ పడుతుందోనని మేం హడిలిపోతుంటే, "ఆ చివరిది కిటికీ దగ్గరుంది, లోపలికి జరుపు" అంటోంది అమ్మ. మర్నాడు చూస్తే మేడ మీద కవరు టెంటు ఆనవాలు లేదు. మొక్కలకి మాత్రం ఒక్క ఆకు రాలలేదు.

నవంబరులో పిండి నల్లి పట్టింది. చిగుళ్ల మొదట్లో దూది అంటించినట్టు. సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో కణుపూ తోమాను, నాలుగు రోజులకోసారి, నాలుగు సార్లు. పైన చల్లితే పోదు, ఆకు తొడిమ సందుల్లో దాక్కుంటుంది.

ఈలోగా ఎర్రవి పూయడం మొదలెట్టాయి. నేను మొహం తిప్పుకున్న ఆ ఆరు రెక్క మందారాలే. నవంబరు చివరి నుంచి అమ్మ పూజకి రోజూ మూడు, నాలుగు. ఒకటి హెడ్మాస్టరుగారికి ఇచ్చాను, రెండు పక్కవాటా పిన్నిగారికి.

నారింజకి డిసెంబరు 19న మొదటి మొగ్గ కనపడింది. వారానికి పచ్చబడి రాలిపోయింది. రెండోదీ అంతే. మూడోది జనవరి 4, ఆదివారం పొద్దున విచ్చింది. అమ్మని చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాను. చిన్న పువ్వు, రేకలు తక్కువ, ముద్దగా లేదు. కానీ మధ్యలో ఆ ఎర్ర మచ్చ ఉంది. అమ్మ దగ్గరికి వంగి చూసి, "గెత్తం చాల్లేదు దీనికి" అంది. కొయ్యనివ్వలేదు. సాయంత్రం దాకా మేడ మీదే కుర్చీ వేయించుకుని కూర్చుంది.

మొత్తం ఖర్చు పొడులు, కుండీలు, నాచు అన్నీ కలిపి వెయ్యి దాటలేదు, ఆటోలకే మూడు వేలు పైన అయ్యింది. మూడు నారింజ మొక్కల్లో ఒకటి అమ్మది, ఒకటి అన్నయ్య అడిగాడు.

మొన్న కొన్నాయన ఫోన్ చేశాడు. పునాదులు అయిపోయాయట. "మా ఆవిడ అడగమందండి, ఆ రోజు మీరు కోసుకెళ్లిన రంగు మందారం మొక్క ఏదైనా ఉంటే గేటు పక్కన పెట్టుకుంటుందంట" అన్నాడు. మూడోది ఉంది. అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.